చెవితో బిగించిన ట్యాపెట్లు

శేఖర్ గాడి ముఖం చూడనని నాలుగేళ్ల కిందట ఒట్టు పెట్టుకున్నాను. ఊరికే నోటిమాటగా పెట్టుకున్న ఒట్టు కాదది. మా పోచంపల్లికి వెళ్లాలంటే ఎల్‌బీ నగర్ మీదుగా తిన్నటి దారి. వాడి షెడ్డు ఆ దారి పక్కనే ఉందని నేను ఉప్పల్, బీబీనగర్ చుట్టు తిరిగి వెళ్లేవాణ్ని. నా భార్య కౌసల్యమ్మ "గిదేం తిక్కనయ్యా నీకు" అని బస్సు దిగేదాకా సణిగేది. సణగనీ అనుకునేవాణ్ని. అలాంటి నన్ను నిన్న పొద్దున పదింటికి ఆ షెడ్డు ముందే తీసుకెళ్లి నిలబెట్టింది యాదలక్ష్మి.

యాదలక్ష్మిది నకిరేకల్ దగ్గర పల్లె. ఇక్కడ నగరంలో పద్నాలుగేళ్ల నాటి ఓమ్ని వ్యానులో బడిపిల్లలను తీసుకెళ్తుంది, బండి పనంతా నా దగ్గరే చేయిస్తుంది. అటుమొన్న సాయంత్రం తొమ్మిది మంది పిల్లలతో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి సగంలో ఆగిపోయింది. వెనక లారీలు హారన్లు, లోపల పిల్లల ఏడుపులు. ఎవరో నలుగురు నెట్టి కిందికి దించితే, దగ్గర్లో ఉన్నది వాడి షెడ్డే అయింది. వాడు ఇంజన్ మీద చెయ్యి పెట్టాడో లేదో, "ఎవరు జేసిండక్కా ట్యాపెట్లు? బిగబట్టి సంపిండు. మూడో సిలిండర్ల దమ్ము లేదు" అన్నాడట.

ఆ మాట ఆమె, బండిని ఆ రాత్రి అక్కడే వదిలి మర్నాడు ఎలాగో నడుపుకుంటూ మా సందులోకి వచ్చి, అందరూ చాయ్ తాగుతున్న వేళ, పది మందిలో చెప్పింది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ముప్పై నాలుగేళ్లుగా మెకానిక్‌ని, పేరు బ్రహ్మం. మా ఇంట్లో అందరూ మగ్గం మీద కూర్చున్నవాళ్లే, నేనొక్కణ్నే పానా పట్టుకున్నాను. ట్యాపెట్లు పెట్టడంలో బ్రహ్మం తర్వాతే ఎవరైనా అని మలక్‌పేట దాకా చెప్పుకుంటారు. ఇంజన్లో గాలి వచ్చే దారికీ పొగ పోయే దారికీ వాల్వులని తలుపులుంటాయి. వాటిని తోసే కడ్డీకీ వాటికీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. ఆ సందు సరిచేయడాన్నే ట్యాపెట్లు పెట్టడం అంటాం. సందు ఎక్కువైతే టిక్కు టిక్కుమని కొడుతుంది. తక్కువైతే తలుపు పూర్తిగా మూసుకోదు. ఆ సందు కొలవడానికి సన్నటి ఇనప ఆకులుంటాయి, ఫీలర్ గేజ్ అంటారు. నేను దాన్ని ఏనాడూ ముట్టలేదు. స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని టిక్కు పోయేదాకా బిగించి, పోయిన చోట ఆపేస్తాను. నా చేతిలోంచి వెళ్లిన ఇంజన్ పక్కన నిలబడి మాట్లాడుకోవచ్చు. అలాంటి నా పని మీద వాడు నోరు పారేసుకున్నాడంటే ఒళ్లు మండదా?

వాడేమైనా పరాయివాడా? తొమ్మిదేళ్లు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఒకరోజు నేను లేనప్పుడు ఫీలర్ గేజ్ కొనుక్కొచ్చి, ఒక లాయరు గారి కారుకి దానితో ట్యాపెట్లు పెడుతుంటే చూశాను. కస్టమరు ముందే లాక్కుని మురికి నాలాలో పారేశాను. "నీకు చెవుల్లేవా, కొలబద్దలు గావాల్నా" అని నాలుగు మాటలన్నాను. వాడి తల్లిని కూడా ఓ మాట అన్నాను, అది తప్పే. వాడు పానా అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. ఆర్నెల్లకి ఎల్‌బీ నగర్‌లో వాడి బోర్డు లేచింది.

అందుకే యాదలక్ష్మి ఆ మాట చెప్పగానే చాయ్ గ్లాసు బల్ల మీద కొట్టి పెట్టాను. పక్కనే స్పేర్ పార్టుల దుకాణం దశరథ ఉన్నాడు. "ఇగో దశరథా, అందరూ వినుండ్రి. నా తప్పని తేలితే గా దినమే పానా కింద పెడ్త. వాని తప్పని తేలితే వాడు గీ సందులకొచ్చి నా కాళ్లు మొక్కాలె" అన్నాను.

"మీ కాళ్లూ మొక్కులూ నాకెందుకన్నా?" అంది యాదలక్ష్మి. "నువ్వు వాన్నంటవ్, వాడు నిన్నంటడు. నడుమ నా బండి సచ్చింది. రేపు పొద్దుగాల పిల్లల్ని దింపినంక ఇద్దరూ నా కండ్ల ముందట జూడుండ్రి. మూడు గంటలకు బడి ఇడుస్తరు, గప్పటికి నాకు బండి గావాలె."

అలా వెళ్లాల్సి వచ్చింది. పానా కింద పెట్టడమంటే మాటలా? అరవై ఒక్క ఏళ్లొచ్చాయి. ఆ పని తప్ప నాకు ఇంకోటి రాదు. సందులో నన్ను ఎవరైనా నమస్తే అంటున్నారంటే ఆ పనిని చూసే. అయినా భయం వేయలేదు. తప్పు వాడిదేనని నాకు తెలుసు.

మేం వెళ్లేసరికి శేఖర్ షెడ్డు ముందు కడుగుతున్నాడు. నన్ను చూసి పైపు కింద పడేశాడు.

"ఒచ్చినవా ఉస్తాద్" అన్నాడు.

"ఉస్తాద్ గిస్తాద్ అనకు. గా మాట నీ నోట్లకెళ్లి రావొద్దు."

"సరే, అనను. కూసో."

"కూసోనీకి రాలే."

వాడు భుజాలెగరేశాడు. అదొకటి కొత్తగా నేర్చుకున్నాడు. యాదలక్ష్మి వ్యాను లోపలికి తెచ్చి ఆపింది. ఓమ్నికి ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. వాడు సీటు ఎత్తి, మూడు ప్లగ్గులూ విప్పి వరసగా గుడ్డ మీద పెట్టాడు. మంట రాకుండా కాయిల్ వైరు తీశాడు, బండి నడిచే గ్యాసు కట్టేశాడు. తర్వాత గోడకి వేలాడుతున్న కంప్రెషన్ మీటరు తెచ్చాడు. గుండ్రటి ముఖం, కింద రబ్బరు గొట్టం. ప్లగ్గు ఉండే రంధ్రంలో దాన్ని బిగించి ఇంజన్ తిప్పితే, లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో ముల్లు చెబుతుంది. నేను ఆ పని కూడా బొటనవేలుతోనే చేస్తాను. రంధ్రం మీద వేలు పెట్టి తిప్పితే వేలిని ఎగరగొట్టాలి. గత నెల ఈ బండికే చేశాను, ఎగరగొట్టింది. కాస్త మెత్తగా ఎగరగొట్టిన మాట నిజమే. పాత ఇంజన్ కదా అనుకున్నాను.

"అక్కా, బయట నిలబడి ఎక్సలేటర్ కాలుతోని నేలకు వొత్తు. తాళం తిప్పు. నేను ఆపమనేదాంక ఆపకు" అన్నాడు శేఖర్.

ఆమె అలాగే చేసింది. ఇంజన్ కర్రు కర్రుమని తిరిగింది. ముల్లు ఎగిరెగిరి ఒకటో సిలిండర్‌లో నూట యాభై దగ్గర ఆగింది. రెండోదాంట్లో నూట నలభై ఐదు. మూడోదాంట్లో ఎనభై.

"జూసినవా?" అన్నాడు వాడు, నా వైపు కాక ఆమె వైపు తిరిగి.

"ఏం జూసుడు? నీ మీటరే ఖరాబు" అన్నాను.

పక్కనే ఎవరిదో ఆల్టో సర్వీసుకి వచ్చి ఉంది. వాడు దాని ప్లగ్గు విప్పి, అదే మీటరు బిగించి తిప్పాడు. నూట డెబ్బై ఐదు. మీటరు తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. నేను తల పక్కకి తిప్పుకున్నాను.

"అయితే గామె ఎక్సలేటర్ సరిగ్గ వొత్తలే. అది మూసుకుంటే గాలి లోపలికెట్ల పోతది? గాలి లేకుంటే ముల్లెట్ల లేస్తది? గంత కూడా నేర్పలేదా నీకు నేను?"

"నా కాలు మీదికొచ్చిందా ఇప్పుడు?" యాదలక్ష్మి కస్సుమంది. "దినాం ఇరవై మైళ్లు తొక్కుతున్న గీ కాలుతోని."

"జరుగు" అని నేనే కింద కూర్చుని అరచేత్తో పెడల్‌ని నేలకి ఆనించి నొక్కాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. ఆమె తాళం తిప్పింది. నేను లేచి చూసేసరికి ముల్లు ఎనభై దగ్గరే ఉంది.

"ఇప్పుడు నీ చెయ్యి కూడా ఖరాబేనా?" అన్నాడు శేఖర్.

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. పదేళ్ల కిందటైతే కొట్టేవాణ్నే. "పద్నాలుగేండ్ల బండిరా అది. రింగులు అరిగినయ్. దానికి ట్యాపెట్లేం జేస్తయ్?" అన్నాను.

"గదీ జూద్దాం. రింగులైతే నీ కాళ్లు ఇక్కడ్నే మొక్కుత."

ఆ పరీక్ష నాకూ తెలుసు, మొదట వాడికి చెప్పింది నేనే. రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి గాలి కారుతుంటే ఆయిల్ ఆ సందుల్ని కప్పేస్తుంది, ముల్లు ఎగిరి లేస్తుంది. లేవకపోతే గాలి వాల్వుల దగ్గర పోతున్నట్టు. వాడు ఆయిల్ పోశాడు. లెయ్యి, లెయ్యి అని నేను ఆ ముల్లుని మనసులో బతిమాలుకున్నాను. ఇంజన్ తిరిగింది. ఎనభై ఐదు దగ్గర ఆగి కూర్చుంది.

షెడ్డు ముందు నుంచి సూర్యాపేట బస్సు ఒకటి హారన్ కొడుతూ పోయింది.

"అర్థమైంది" అన్నాను. "అంతా అర్థమైంది. మొన్న బండి రాత్రంతా నీ దగ్గరే ఉంది గదా? మూత విప్పి నువ్వే బిగబట్టినవ్. బ్రహ్మం పేరు ఖరాబు చెయ్యాలని నాలుగేండ్ల సంది సూస్తున్నవ్. దొరికింది నీకు మోకా."

శేఖర్ ముఖం ఎర్రబడింది. అంతసేపూ అదుపులో పెట్టుకున్నదంతా ఒక్కసారే బయటపడింది. "నేనా? పసిపిల్లలెక్కే బండి ఖరాబు చేస్తనా నీ మీద పగకు? మా అమ్మనన్ననాడు కూడా నేను నిన్నొక్క మాటనలే. అడుగు నీ సందుల, ఎవరితోనన్న అన్ననా? థూ, ఇంత సిల్లర మనిషివనుకోలే."

"ఎవర్రా సిల్లర మనిషి?"

"ఆగుండ్రి!" యాదలక్ష్మి ఇద్దరి మధ్యా నిలబడింది. "కొట్టుకునేదుంటే రోడ్డు మీదకు పోయి కొట్టుకోండ్రి. నా బండి సంగతి జెప్పి పోండ్రి."

శేఖర్ ఊపిరి పీల్చుకుని, టార్చిలైటు తీసుకుని ఇంజన్ పైమూత మీద వెలుగు వేశాడు. "దా. కండ్లున్నయ్ గదా. జూడు."

ట్యాపెట్లు పెట్టి మూత వేశాక నేను ప్రతి నట్టు మీదా, మూత అంచు మీదా కలిపి ఒకే పసుపు రంగు గీత గీస్తాను. ఇంకెవరైనా నట్టు తిప్పితే గీత తెగి రెండు ముక్కలవుతుంది. నా పనిలో ఎవడో వేలు పెట్టి నా మీదికి తోయకూడదని పెట్టుకున్న అలవాటు. వంగి చూశాను. అన్ని నట్ల మీదా గీతలు తెగకుండా ఉన్నాయి. నేను గీసినవే. నా చేతివంకర నాకు తెలియదా?

"విప్పమంటవా, నువ్వే విప్పుతవా?" అన్నాడు.

"నువ్వే విప్పు" అన్నాను.

వాడు మూత విప్పాడు. ఇంజన్ చల్లారేదాకా చాయ్ తెప్పించాడు. నాకూ ఒకటి ఇచ్చాడు, నేను ముట్టలేదు. తర్వాత మూడో సిలిండర్ వాల్వులు రెండూ మూసుకునే చోటికి ఇంజన్ని చేత్తో తిప్పి, ఫీలర్ గేజ్ తీశాడు. ఉండాల్సిన సందుకి తగిన ఆకు పెట్టి చూశాడు. దూరలేదు. అందులో సగం మందమున్న ఆకు పెట్టాడు. దూరలేదు. అన్నిటికన్నా పల్చటిది, కాగితం లాంటిది నా చేతికిచ్చి "నువ్వే పెట్టు" అన్నాడు. పెట్టాను. కొన కూడా పోలేదు. సందు అన్నదే లేదు. వాల్వు ఎప్పుడూ కొంచెం తెరుచుకునే ఉంది, అక్కడ్నుంచే గాలంతా పోతోంది. ఒకటో, రెండో సిలిండర్లలో కూడా ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది.

"అక్కా, ట్యాపెట్లు కొడుతున్నయని నువ్వు పోయినవా ఉస్తాద్ దగ్గరికి?" వాడు అడిగాడు.

"నేనెందుకు పోత? రెండు నెలల కింద ఆయిల్ మార్పియ్యనీకి పోయిన. అన్ననే సప్పుడొస్తుందన్నడు. నాకేం ఇనిపిస్తలేదంటే, పిల్లల లొల్లిల నీకేం ఇనిపిస్తదే అన్నడు. గప్పుడే బిగించిండు. మల్ల పోయిన నెల గుంజుతలేదని పోతే, ఇంకా సప్పుడొస్తుందని మల్ల బిగించిండు."

ఆమె అన్నది నిజమే. రెండుసార్లూ టిక్కు వినిపించింది. ఈ మధ్య ఏ ఇంజన్ చూసినా వినిపిస్తోంది, ఆయిల్ కల్తీదని దశరథని కూడా తిట్టాను. "సప్పుడొచ్చింది. నా చెవులతోని ఇన్న" అన్నాను.

శేఖర్ ఆరు వాల్వులకీ ఆకులతో కొలిచి సందులు పెట్టాడు. మళ్లీ మీటరు బిగించి, ఆమెతో తాళం తిప్పించాడు. మూడోదాంట్లో నూట నలభై. యాదలక్ష్మి "అమ్మయ్య" అని ముఖం కొంగుతో తుడుచుకుంది.

"వాల్వు ఇంకా కాలలే. ఇంకో నెల ఇట్లనే తిరిగితే కాలిపోతుండె, ఇంజన్ మొత్తం విప్పాల్సొస్తుండె" అన్నాడు వాడు. మూత వేసి, ప్లగ్గులు బిగించి, బండి స్టార్ట్ చేయించాడు. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

టిక్కు టిక్కు టిక్కు. స్పష్టంగా వినిపిస్తోంది.

"ఇగో!" నేను ఎగిరి పడ్డాను. "ఇంటున్నవా? కొడుతుంది. గిదేనా నీ కొలబద్ద పని? లూజు పెట్టినవ్!"

"ఏడ కొడుతుంది?"

"నా తలకాయల కొడుతుందా మరి? మూడోదే! యాదలక్ష్మీ, నువ్వు జెప్పు, ఇనిపిస్తలేదా?"

ఆమె చెవి దగ్గరికి పెట్టి విన్నది. తల అడ్డంగా ఊపింది. ఆల్టో యజమాని ఎవరో అప్పుడే వచ్చాడు, అతన్నీ పిలిచాను. అతను కూడా విని, మంచిగనే ఉంది గదండీ అన్నాడు. అందరూ కుమ్మక్కయ్యారనుకున్నాను. స్క్రూడ్రైవర్ లాక్కుని, కొన మూడో సిలిండర్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాను. టిక్కు టిక్కు టిక్కు. ఇంత గట్టిగా కొడుతుంటే వినిపించదేమిటి వీళ్లకి?

"బంద్ చెయ్యక్కా" అన్నాడు శేఖర్.

ఇంజన్ ఒకసారి వణికి ఆగిపోయింది. స్క్రూడ్రైవర్‌లోంచి వస్తున్న ఉరుము ఆగిపోయింది.

టిక్కు టిక్కు టిక్కు.

కళ్లు తెరవలేదు. తెరిస్తే అందరూ నన్నే చూస్తుంటారని తెలుసు. పిడిని ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాను. అప్పుడూ అదే చప్పుడు. స్క్రూడ్రైవర్ తీసేశాను. అయినా అదే చప్పుడు, అదే వరస, ఎడమ చెవి వెనక ఎవరో కూర్చుని సన్నటి రేకు మీద కొడుతున్నట్టు. రెండు నెలలుగా మా పడకగదిలో ఫ్యాను చప్పుడు చేస్తోందని మూడుసార్లు విప్పి బిగించాను. ఏ సప్పుడూ లేదయ్యా అని కౌసల్యమ్మ అంటే, చెవిటిదానివని తిట్టాను. వ్యాను మెట్టు మీద కూలబడ్డాను.

"ఏమైంది?" శేఖర్ గొంతులో ఇంకా కోపమే ఉంది. "ఇప్పుడు కూడా నేనే చేసిన్నా?"

"ఆగలేదురా" అన్నాను.

"ఏంది ఆగలే?"

"సప్పుడు. ఇంజన్ ఆగింది. సప్పుడు ఆగలేదు."

వాడు నా వైపు చూశాడు. ఓదారుస్తాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను, సిగ్గు లేకుండా. వాడు ఓదార్చలేదు. "ఎన్ని బండ్లకు పెట్టినవ్ గిట్ల?" అని అడిగాడు.

వేళ్ల మీద లెక్కపెట్టాను. "రెండు నెలల్ల పదకొండు. గీమెది కాక పది."

"అన్నీ తిరుగుతున్నయా?"

"తిరుగుతున్నయ్."

"మరి కూసున్నవేంది? రేపు ఎవరిదో హైవే మీద ఆగుతది. ఎనక లారీ ఉంటది."

జేబులోంచి ఫోన్ తీశాను. చేతికి ఆయిల్ అంటి తెర మీద వేలు జారింది. ఆ పది బండ్లలో మొదటిది దశరథ పాత జెన్. ప్రతి ఆదివారం దాంట్లో పెళ్లాంపిల్లలతో అబ్దుల్లాపూర్‌మెట్ అత్తగారింటికి వెళ్తాడు. పానా కింద పెడతానని ముందురోజు నేను అరిచింది అతని ముఖం మీదే.

ఫోన్ ఎత్తగానే నవ్వాడు. "ఏమాయె బ్రహ్మం? మొక్కిండా కాళ్లు?"

"దశరథా, జెన్ తియ్యకు."

"ఎందుకే? మంచిగనే నడుస్తుంది గదా."

"నడుస్తలేదు. ట్యాపెట్లు నేను ఖరాబు చేసిన. నా చెవులు పోయినయ్. గీ బండి తప్పు కూడా నాదే."

అవతల దుకాణంలో ఎవరో బేరమాడుతున్న గొంతు వినిపించింది. ఇటు శేఖర్ ఆల్టో దగ్గరికి వెళ్లి నాకు వీపు చూపించి నిలబడ్డాడు. పని చేస్తున్నట్టు వంగాడు గానీ, చేతిలో ఏమీ లేదు.

"మరి ఎవరికి జూపియ్యాలె?" అని అడిగాడు దశరథ.

"ఎల్‌బీ నగర్‌కు తీస్కపో" అన్నాను. "శేఖర్ అని ఉంటడు. ఆయనకు సరిగ్గ వస్తది."